అవ్వకు సగమే చదివి చెప్పినం



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు రెండు లైన్లు పెట్టిండు. "మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ అన్నరు. వచ్చే సోమవారం మొదటి కీమో. ఏం సదురుకొని పోవాలె, ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి" అని. దాని కింద అందరం దండం బొమ్మలు పెట్టినం. మేము కూడా పెట్టినం. పెట్టి పండుకుంటే నిద్ర రాలేదు. మాకు తెలుసు కదా, తెలిసి కూడా ఒక దండం పెట్టి ఊకున్నమేంది అనిపించింది. అందుకే ఈ పోస్టు. పొడుగ్గ ఉంటది, తీరిక చూసుకొని చదువుండ్రి.

మేము అంటే అక్కచెల్లెళ్లం ఇద్దరం. మాది జన్నారం దిక్కు గోండు గూడెం. పెద్దది మంచిర్యాల హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నది, ఇరవై ఏండ్లు. చిన్నది ఇంటర్. మా ఇంట్ల కాలేజీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. అవ్వకు, బాపుకు సంతకం రాదు. ఇది టైపు చేసేది పెద్దదే గాని, ప్రతి లైను చిన్నదానికి చదివి వినిపించి, అది "ఊఁ" అన్నంకనే పెడుతున్నం. అవ్వకు కూడా గోండిలో చెప్పుకుంట మొత్తం వినిపించినం. మొత్తం అని ఎందుకు అంటున్నమో కిందికి పోతే తెలుస్తది.

అంతకుముందు ఏడాది పత్తి ఏరే కాలంలో అవ్వకు ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలిందట. రేగుకాయంత. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవుడే మమ్ముల ముంచింది. "నొప్పి లేనిది రోగమెట్లయితది" అనుకున్నది అవ్వ. పత్తి అయిపోయింది, ఇప్పపువ్వు ఏరుడు అయిపోయింది, వానలు పడి మళ్ల విత్తనం పెట్టిండ్రు. అప్పటికి గడ్డ నిమ్మకాయంత అయింది. మీది తోలు నారింజ తొక్క లెక్క గుంటలు గుంటలు పడ్డది. అప్పుడు కూడా మాకు చెప్పలేదు. ఆశ అక్క బీపీ చూడనీకి వచ్చినప్పుడు అవ్వ చెయ్యి పైకి లేపడానికి గుంజులాడుతుంటే ఆమెనే పట్టుకున్నది. గూడేలలో ఆశ అక్కల్ని మనం తేలికగ చూస్తం. ఆ అక్క లేకపోతే మేము ఈ పోస్టు ఇట్ల రాయకపోదుము.

మంచిర్యాలకు తీసుకొచ్చి స్కానింగ్ చేయించినం. సూది లాంటి దాంతో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిండ్రు. రిపోర్టు పెద్దదాని ఫోన్‌కు వచ్చింది, హాస్టల్‌లో రాత్రి అన్నానికి లైన్‌లో నిలబడ్డప్పుడు. 'కార్సినోమా' అనే మాట దగ్గర ఆగిపోయింది. పళ్లెం అక్కడనే పెట్టి బాత్రూముల దిక్కు పోయి చిన్నదానికి ఫోన్ చేసింది. ఇద్దరం ఏడ్సినం. తర్వాత బాపుకు చెప్పినం. బాపు చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి ఒక్కటే మాట అన్నడు. "మీ అవ్వకు ఆ పేరు చెప్పకుండ్రి. పేరు వింటెనే సచ్చిపోతది."

మేము కూడా అదే సరి అనుకున్నం. అవ్వకు చదువు రాదు కాబట్టి దాచుడు అల్కగనే అనిపించింది. ఏ కాగితం వచ్చినా మా చేతికే వస్తది. ఏ బోర్డు ఉన్నా మేమే చదవాలె. "గడ్డ గట్టిపడ్డది, కరగనీకి హైదరాబాద్‌ల మందు ఎక్కిస్తరు" అని చెప్పినం. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదని మాకు మేమే చెప్పుకున్నం.

హైదరాబాద్ అంటే రెడ్ హిల్స్‌లో ఉన్న ఎం.ఎన్.జె. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955లో పెట్టిన సర్కారు క్యాన్సర్ దవాఖాన. మంచిర్యాల నుంచి దగ్గరదగ్గర 250 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బస్సుకు పోతే ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ లేదు, 2023 డిసెంబర్ నుంచి. మేము ముగ్గురం ఆడవాళ్లం కాబట్టి బాపుకు ఒక్కనికే టికెట్ తీసినం. జేబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి లక్డీకాపూల్‌లో దిగితే అక్కడి నుంచి దగ్గరనే. రైలుకు పోయేటోళ్లకు ఇంకో మాట. క్యాన్సర్ పేషెంట్‌కు వైద్యానికి పోయి వచ్చేటప్పుడు స్లీపర్‌లో టికెట్ మొత్తం మాఫీ, తోడు పోయేటోళ్లకు నాలుగింట మూడొంతులు తగ్గింపు. దవాఖానలో ఫారం మీద డాక్టర్ సంతకం, ముద్ర వేయించుకోవాలె. మాకు ఇది మూడోసారి పోయినప్పుడు పక్క మంచం వాళ్లు చెప్తే తెలిసింది.

ఆరోగ్యశ్రీ మీదనే మొత్తం అయింది. ఇప్పుడు ఇంటికి ఏడాదికి 10 లక్షల దాక ఉన్నది. రేషన్ కార్డు, ఆధార్ అసలువి, ఒక్కోటి అయిదారు జిరాక్సులు, ముక్క పరీక్ష రిపోర్టు పట్టుకొని ఆరోగ్యమిత్ర దగ్గరికి పోవాలె. రేషన్ కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒక్క తీరుగ ఉన్నయా అని ఊర్లనే చూసుకోండి. మన పేర్లు రాసేటోళ్లు ఇష్టమొచ్చినట్టు రాస్తరు. అవ్వ పేరు ఒక కాగితంలో బాయితో ముగిసింది, ఇంకోదాంట్లో బాయి లేదు. దాని కోసం రెండు రోజులు తిరిగినం. ముక్క మీదనే ఈఆర్, పీఆర్, హెర్‌టూ అని ఇంకో మూడు పరీక్షలు చేస్తరు. ఏ మందు ఇవ్వాలన్నది ఆ కాగితాన్ని బట్టి ఉంటది, దాన్ని పోగొట్టుకోవద్దు. మేము ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఆ కవర్‌ను బాపు కండువాకు ముడేసినం.

డాక్టరమ్మ మంచిగ చెప్పింది. గడ్డ పెద్దగున్నది కాబట్టి ముందు మందుతో చిన్నగ చేసి తర్వాత ఆపరేషన్ అన్నది. మొదలు నాలుగుసార్లు, 21 రోజులకు ఒకసారి, రెండు మందులు కలిపి ఇస్తరు. డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. ఆ తర్వాత వేరే మందు. మొదటిది గుండె మీద పని చేస్తది, అందుకే ముందుగాల గుండె స్కానింగ్ తీస్తరు, టూడీ ఎకో అంటరు. రక్త పరీక్షలు, ఎత్తు, బరువు. ఎత్తూ బరువూ చూసే మందు ఎంతనో లెక్క కడతరు.

తర్వాత మా దిక్కు చూసి, "అమ్మకు తెలుగు వస్తదా?" అని అడిగింది. వస్తది గాని పట్నం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపితే అవ్వకు అందదు. "మేము గోండిలో చెప్తం మేడం" అన్నం. అప్పుడు ఆమె ఒక్కొక్కటి చెప్పుకుంట పోయింది. వాంతులు అయితయి, గోలీలు టైముకు వేసుకోవాలె. రెండు మూడు వారాలకు జుట్టు రాలిపోతది. నోట్లో పుండ్లు రావచ్చు. మూత్రం ఒకటి రెండు రోజులు ఎర్రగ వస్తది, బుగులుపడొద్దు. అన్నిటికంటే పెద్దది జ్వరం. మందు ఎక్కిన వారం తర్వాత నుంచి రెండో వారం లోపల తెల్ల కణాలు బాగ పడిపోతయి, అప్పుడు 100.4 దాటితే రాత్రి అయినా పగలైనా వెంటనే దవాఖానకు రావాలె, ఇంట్ల గోలీ వేసుకొని చూద్దాం అనొద్దు.

ఇదంతా మేము అవ్వకు ఏమని చెప్పినమో తెలుసా? "కొంచెం కడుపుల తిప్పుతదట. నీళ్లు ఎక్కువ తాగాలెనట." అంతే. జుట్టు రాలుతది అని చెప్తే ఏ రోగానికి జుట్టు రాలుతదో ఊర్ల అందరికీ తెలుసు. జ్వరం సంగతి చెప్తే తెల్ల కణాలు చెప్పాలె, కణాలు చెప్తే మందు ఏందో చెప్పాలె, మందు చెప్తే పేరు చెప్పాలె. ఒకటి దాస్తే దాని ఎన్క అన్నీ దాచాల్సొచ్చింది. ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం మీద అవ్వ వేలిముద్ర వేసింది. అందులో ఏం రాసున్నదో చదివింది మేమే, సగం చెప్పింది మేమే.

మొదటి కీమో రోజు చెప్తం, తమ్ముడు అడిగింది అదే కదా.

ముందురోజు మంచిగ నీళ్లు తాగిపియ్యుండ్రి. నీళ్లు తాగితే నరం అల్కగ దొరుకుతది, తర్వాత మూత్రసంచి కూడా మందు వల్ల కాలకుండా ఉంటది. చేతుల జాకెట్ వదులుగ ఉండాలె, మోచేతి పైకి పోయేటట్టు. గోర్లు కత్తిరించి, గాజులు తీసి పోవాలె. మా అవ్వ గాజులు తియ్యనన్నది, అక్కడ పోయినంక నర్సమ్మ ఒక చేతివి తీయించింది. తినకుండ పోవద్దు. అవ్వకు పొద్దున్నే జొన్న గట్కలో మజ్జిగ పోసి ఇచ్చినం, అది లోపల నిలిచింది. ఒక దుప్పటి, స్టీలు గ్లాసు, కాచి చల్లార్చిన నీళ్లు, పాత గుడ్డలు, రెండు మూడు ప్లాస్టిక్ కవర్లు (బస్సులో వాంతులకు), ఫోన్ చార్జరు.

ముందు సెలైన్, దాంట్లనే వాంతులు రాకుండ మందు, తర్వాత ఎర్ర మందు. నర్సమ్మ సిరంజీతోని మెల్లమెల్లగ నెట్టుకుంట దగ్గరనే కూసుంటది. ఆ మందు నరం లోపల పోతే మందు, నరం బయటికి కారితే చేతిని కాలుస్తది. "మంట పుట్టినా, సూది కాడ ఉబ్బినా వెంటనే చెప్పాలె" అని అవ్వకు చెప్పిండ్రు. ఈ ఒక్కటి మాత్రం మేము పూర్తిగ గోండిలో చెప్పినం. అవ్వ ఆ సిరంజీని చూసి "నాకు రక్తం ఎక్కిస్తున్నరా?" అన్నది. ఔనన్నం. ఇంకో అబద్ధం. అందుకే ఆ సాయంత్రం మూత్రం ఎర్రగ వచ్చినప్పుడు, ఎక్కించిన రక్తమంతా బయటికి పోతున్నదని బాత్రూంలో కూలబడ్డది. డాక్టరమ్మ చెప్పిన ఒక్క మాట మేము చెప్పి ఉంటే అవ్వ ఆ రాత్రి అంత భయపడకపోతుండె.

వాంతులు రెండో రోజు, మూడో రోజు ఎక్కువ. గోలీలు వాంతి వచ్చినంక వేసుకునేవి కావు, రాకముందే టైముకు వేసుకునేవి. పొయ్యి మీద తాలింపు వాసన పడలేదు, బాపు మూడు రోజులు వాకిట్ల వండిండు. నోట్లో ఇనుము నాకినట్టు ఉన్నదన్నది. చింతపండు చారు, మజ్జిగ, అంబలి, ఇవే పోయినయి. కూరగాయలు ఏవైనా ఉడికించినవే. నోరు పుండ్లు పడకుండ గోరువెచ్చని నీళ్లలో కొంచెం ఉప్పు, కొంచెం వంటసోడా వేసి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలె. మొదటి రెండు రోజులు మూత్రంలో, వాంతిలో మందు పోతుంటది కాబట్టి ఎత్తిపోసేటోళ్లు చేతులకు తొడుగులు వేసుకొని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలె, మరుగుదొడ్లో రెండుసార్లు నీళ్లు పొయ్యాలె. మా గూడెంలో మరుగుదొడ్లు సగం కట్టెలు పెట్టుకునే కొట్లు అయినయి. మాది కూడా. బాపు కట్టెలు తీసేసి సాఫ్ చేసిండు.

ఇక్కడ ఆకు మందు ముచ్చట చెప్పాలె, ఎందుకంటే మన గూడేలలో ఇది రాని ఇల్లు లేదు. బాపుకు చిన్నాయన, మా చిన్న తాత, ఆకు పసరు ఇస్తడు. గడ్డకు ఆయన పసరు కట్టిండు, తాగనీకి కూడా ఇచ్చిండు. మేము మన మందును ఎగతాళి చేసేటోళ్లం కాదు. చదివితే ఏం తెలిసిందంటే, అవ్వకు తర్వాత ఇచ్చే పాక్లిటాక్సెల్ అనే మందు మొదలు అమెరికాలో ఒక చెట్టు బెరడు నుంచి తీసింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇచ్చే విన్‌క్రిస్టిన్ మన ఇండ్ల ముంగట పూసే బిళ్ళగన్నేరుది. ఆ ఎర్ర మందు ఇటలీలో ఒక పాత కోట దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవిది. ఇంకో ముచ్చట, కీమో మొదలైన కొత్తల్ల, 1948లో అమెరికాలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూసిన మందు తయారు చేయించింది మన తెలుగాయన, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే తీరు మందు మెథోట్రెక్సేట్‌ను రొమ్ము క్యాన్సర్‌కు కూడా చాన ఏండ్లు వాడిండ్రు. ఆయన మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిండట, సప్లీలు ఉన్నోళ్లు యాది పెట్టుకోండి.

అంటే చెట్టుతో, మట్టితో మందు చేసుడు తప్పు కాదు. ఎంత ఇయ్యాలె, ఎవరికి ఇయ్యాలె, లోపల ఏం చేస్తది అన్నది కొలిచి చూసిండ్రు. చిన్న తాత పసరు కొలత ఎవరికీ తెల్వదు. కీమో నడుస్తున్నప్పుడు కాలేయం ఆ మందును అరగదీసే పనిలో ఉంటది, దాని మీద ఇంకో పసరు పోస్తే ఏమైతదో చెప్పలేం అన్నది డాక్టరమ్మ. విచిత్రం ఏందంటే, మేము పేరు చెప్పింది ఊర్ల ఒక్క చిన్న తాతకే. ఆయన కాసేపు సుట్ట తాగి, "దాని పేరు ముందుగాల చెప్తే నేను చెయ్యే పెట్టకపోదును కద బిడ్డా" అన్నడు. ఆ రోజే పసరు ఆపిండు. నిజం చెప్తే మనిషి ఎట్ల నడుచుకుంటడో అప్పుడే మాకు తెలవాల్సింది. తెల్వలేదు.

పదో రోజు. దసరా సెలవులు, చిన్నది ఇంట్ల ఉన్నది, పెద్దది పరీక్ష ఫీజు పని మీద హాస్టల్‌కు వచ్చింది. అవ్వ రెండు రోజుల నుంచి "అలుపుగున్నది" అని పండుకుంటున్నది. చిన్నది నీళ్లు ఇయ్యబోతే చెయ్యి తగిలింది, కాలుతున్నది. అడిగితే "పొయ్యి కాడ కూసున్న, గందుకే" అన్నది. దిండు కింద జ్వరం గోలీల పట్టీ దొరికింది, ఆరు అయిపోయినయి. పక్క ఊరి ఆర్‌ఎంపీ దగ్గర తెప్పించుకున్నదట. గోలీ వేసుకుంటే జ్వరం దిగుతది, మళ్ల ఎక్కుతది, ఇంట్లోళ్లకు తెల్వదు, లోపల ఇన్ఫెక్షన్ దాని పని అది చేసుకుంట పోతది. ఆశ అక్క థర్మామీటర్ తెచ్చి పెడితే 102.

108కు ఫోన్ చేసినం. జన్నారం దిక్కు నుంచి మంచిర్యాల ఎంత దూరమో ఈ గ్రూపుల అందరికీ తెలుసు, ఆ రాత్రి ఇంకా దూరమైంది. పెద్దది హాస్టల్ నుంచి దవాఖాన గేటు కాడికి వచ్చి నిలబడ్డది. డ్యూటీ డాక్టర్‌కు అవ్వ పరిస్థితి చెప్పే లోపల్నే పెద్దది "కీమో పేషెంట్, పదో రోజు, జ్వరం" అని అరిచింది. ఈ మూడు మాటలు యాది పెట్టుకోండి, ఏ దవాఖానకు పోయినా మొదలు ఇవే చెప్పాలె. మామూలు జ్వరం లైన్‌లో నిలబడొద్దు. రక్తం చూస్తే తెల్ల కణాలు 600. మామూలుగ నాలుగు వేల పైన ఉండాలె. వెంటనే నరానికి యాంటీబయాటిక్ పెట్టిండ్రు, కణాలు పెరగనీకి సూదులు ఇచ్చిండ్రు. అయిదు రోజులు ఉన్నం.

మూడో రోజు జ్వరం దిగింది. పక్క మంచం మీద శ్రీరాంపూర్ దిక్కు ముసలామె ఉన్నది. ఆమె అవ్వను పలకరించుకుంట, "నీకెక్కడ బిడ్డా క్యాన్సర్?" అని అడిగింది. మా ఇద్దరి నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. అవ్వ ఏం మాట్లాడలేదు. చెయ్యి మెల్లగ తీసి ఎడమ దిక్కు పెట్టి చూపించింది. అంతే.

రాత్రి లైట్లు ఆర్పినంక గోండిలో అడిగింది, "నాకు తెల్వదనుకున్నరా?"

బస్సు దిగినప్పటి నుంచి ఎవరిని దారి అడిగినా "క్యాన్సర్ దవాఖానకా?" అనే అన్నరట. చాయ్ దుకాణపాయన అన్నడు, ఆటో ఆయన అన్నడు, వెంట కూసున్నోళ్లు అన్నరు. మేము బోర్డు మీది అక్షరాలు దాచినం గాని, ఊరంతా నోటితోని పిలిచే పేరు దాచలేదు. మేము ఏడుస్తమని అవ్వనే తెల్వనట్టు ఉన్నదట. "పేరు నాకు ఆటో ఆయన చెప్పిండు" అన్నది అవ్వ. "జ్వరం సంగతి ఎవరు చెప్పాలె? అది మీరు కద చెప్పేది. జ్వరం వస్తే పోతరని నాకెట్ల తెలుసు? చెప్తే మీ పరీక్షలు చెడుతయని గోలీలు మింగిన."

మేము ఏమీ అనలేకపోయినం. అవ్వ తిట్టలేదు కూడా. తిడితే మంచిగుండు. చాలాసేపటికి ఇంకో మాట అన్నది. "మీరు బడికి పోతుంటే మేకలు నేనొక్కదాన్నే కాసిన. మీకు చదువు వస్తే నాకు చదివి చెప్పేటోళ్లు ఉంటరనుకున్న."

ఆ రాత్రి డాక్టరమ్మ చెప్పినవన్నీ గుర్తుకు తెచ్చుకొని మొదటి నుంచి చెప్పినం. గోండిలో ఈ రోగానికి పేరు లేదు, మేము 'క్యాన్సర్' అనే అన్నం. తెల్ల కణాలకు ఏమనాలో తెల్వక, చేను కాడ రాత్రి కావలి ఉండేటోళ్లు అని చెప్పినం. మందు అడవి పందుల్ని కొడుతది గాని కావలోళ్లను కూడా పడగొడుతది, పదో రోజుకు చేను కాడ ఎవరూ ఉండరు, అప్పుడు ఏ చిన్న జంతువు వచ్చినా చేను పాడైతది, వారం తర్వాత మళ్ల కొత్త కావలోళ్లు వస్తరు అని. అవ్వకు వెంటనే అర్థమైంది. "గట్ల చెప్పాలె" అన్నది. పుస్తకంలో చదివిన దానికంటే మాకు కూడా అప్పుడే మంచిగ అర్థమైంది.

జుట్టు పదిహేడో రోజు మొదలైంది. దువ్వితే కుచ్చులు కుచ్చులు. ఈసారి ముందే చెప్పినం కాబట్టి ఏడవలేదు అని రాస్తే అబద్ధమైతది. ఏడ్సింది. ఆడమనిషి తల బోడి అయితే ఊళ్లో ఏమంటరో మనకు తెలుసు. పెద్దదాని క్లాస్‌మేట్ వాళ్ల అమ్మ సింగరేణి క్వార్టర్లల ఉంటది, ఆమెకు మూడేండ్ల కింద ఇదే వైద్యం అయింది. ఆమె వచ్చి కొప్పు విప్పి చూపించింది. "పట్టి గుంజు, నాదేనా కాదా చూడు" అని అవ్వ చేతికి ఇచ్చింది. అవ్వ నిజంగనే గుంజింది. ఇద్దరూ నవ్విండ్రు. ఆ సాయంత్రం చిన్నది కత్తెరతో మొత్తం పొట్టిగ కత్తిరించింది, మెత్తటి నూలు గుడ్డ తలకు కట్టినం. మా పోస్టు మొత్తం చదవకపోయినా పర్లేదు తమ్ముడూ, మీ పెద్దమ్మను ఇట్ల కీమో అయిపోయి బతికి తిరుగుతున్న ఒక్క మనిషి దగ్గర కూసోబెట్టు. మేము పంపే మెసేజ్‌ల కంటే ఆ కొప్పు ఎక్కువ పని చేసింది.

అదే రోజులల్ల దండారీ మొదలైంది. అవ్వ ప్రతి ఏడు గుడిరేవుకు, పద్మల్‌పురి కాకో దగ్గరికి పోతది. గుంపులోకి పోవద్దన్నరు. మేము వద్దే వద్దన్నం. అవ్వ మమ్ముల అడగలేదు, మంచిర్యాల దవాఖాన నుంచి ఇంటికి పంపే రోజే డాక్టర్‌నే అడిగిందట, తన తెలుగులోనే. "కావలోళ్లు ఎప్పుడు తిరిగొస్తరు?" అని. ఆయనకు మొదలు సమజ్ కాలేదు, అయినంక నవ్వి, మూడో వారానికి పెరుగుతయి, రక్తం చూపించుకొని, జనం రాకముందు పోయి రమ్మన్నడు. ఇరవయ్యో రోజు పొద్దు పొడవకముందే బాపు బండి మీద పోయి గోదావరి ఒడ్డున మొక్కి, డప్పులు మొదలయ్యే లోపల తిరిగొచ్చిండ్రు.

రెండో కీమోకు పోయినప్పుడు మూతికి గుడ్డ, చేతి సంచిలో సొంత థర్మామీటర్. నూటయాభై రూపాయల లోపే వస్తది, కీమో మొదలయ్యే ముందే కొనుండ్రి. అంకెలు చదవరాదు కదా, ఎట్ల అంటే, 100.4 ఎట్ల కనిపిస్తదో చిన్నది సున్నపు గోడ మీద బొగ్గుతోని పెద్దగ గీసింది. మొదట ఒకటి ఉండి నాలుగు అంకెలు కనిపిస్తే ఫోన్ చేసుడే, చివరిది ఏదన్నా కానీ అని చెప్పినం. కొంచెం ముందుగాలనే చేస్తది, నష్టం లేదు. ఆ గీత ఇప్పటికీ ఉన్నది.

నర్సమ్మ "పోయినసారి ఏమైందమ్మా?" అని మా మొఖం దిక్కు చూసింది. అవ్వనే చెప్పింది, పదో రోజు జ్వరం, గోలీలు మింగిన, ఆరు వందలు పడ్డయి, అయిదు రోజులు మంచిర్యాల. నర్సమ్మ అన్నీ రాసుకొని, ఈసారి మందు ఎక్కినంక మర్నాడు కణాల సూది కూడా ఇస్తరని చెప్పింది. తర్వాత మళ్ల అదే ఒప్పుకునే కాగితం వచ్చింది. అవ్వ దాన్ని మా చేతికి ఇచ్చి, "మొత్తం చదువు" అన్నది. చదివినం, ఒక్కొక్క లైను చదివి గోండిలో చెప్పుకుంట. కొన్ని మాటలు మాకే తెల్వకపోతే నర్సమ్మను అడిగి చెప్పినం. ఎన్క లైన్‌లో ఉన్నోళ్లు గులుగుతున్నరు. అవ్వ అప్పటికే బొటనవేలు సిరాకు అద్దుకున్నది. మేము ఆఖరి లైను చదివేదాక ఆ వేలు గాలిలనే పట్టుకొని నిలబడ్డది.